పాత కారు లైట్ల గోల: ముందు ఎర్త్ చూడరా

ఒరేయ్,

నీ మెసేజ్ చదివి నవ్వొచ్చింది, కోప్పడకు. బ్రేక్ తొక్కితే డ్యాష్‌బోర్డు మీద ఇండికేటర్ బాణం మసకగా వెలుగుతోందనీ, ఎడమ ఇండికేటర్ వేస్తే వెనక టెయిల్ లైటు కూడా దాంతో పాటు కొట్టుకుంటోందనీ, హెడ్‌లైట్లేమో ఆముదం దీపాల్లా ఉన్నాయనీ రాశావు. పైగా ఎవరో వైరింగ్ మొత్తం మార్చాల్సిందే అన్నారనీ. ఆగరా బాబూ. వైరింగ్ మొత్తం మార్చడమంటే డ్యాష్‌బోర్డు ఊడదీసి, కార్పెట్ లేపి, అందులో సగం క్లిప్పులు విరగ్గొట్టి మళ్ళీ బిగించడం. ఆ పని అయ్యాక కొత్త సమస్యలు పుట్టకపోతే అదే గొప్ప. నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే నీ కారుకి పట్టింది అంత పెద్ద జబ్బు కాదు. వెనక లైట్లకి ఎర్త్ పోయింది, అంతే అయ్యుండాలి. హెడ్‌లైట్ల సంగతి వేరు, దానికి తర్వాత వస్తాను.

కారులో ప్రతి బల్బుకీ రెండు వైర్లు బ్యాటరీ దాకా వెళ్ళవు కదా. ఒక వైరు 12 వోల్టులు తెస్తుంది. తిరుగు దారి మాత్రం బాడీ రేకే, దాన్నే ఎర్త్ అంటాం. లైటు నుంచి ఒక చిన్న వైరు వచ్చి దగ్గర్లో బాడీకి ఒక బోల్టు కింద బిగించి ఉంటుంది, బ్యాటరీ నెగెటివ్ ఇంకోచోట అదే బాడీకి తగిలి ఉంటుంది. కొత్తలో ఆ బోల్టు కింద మెరిసే లోహం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ తేమ చేరి, తుప్పు పట్టి, వైరు చివరి రింగు చుట్టూ పచ్చగా చిలుము కట్టి, చూడ్డానికి బిగుతుగానే ఉన్నా కరెంటు పోయే దారి మాత్రం మూసుకుపోతుంది.

మరి దారి మూసుకుపోతే లైటు ఆరిపోవాలి కదా, ఇంకో లైటెందుకు వెలుగుతోంది అంటావు. అక్కడే ఉంది తమాషా. వెనక ఎడమ గూట్లో ఉన్న బ్రేక్, టెయిల్, ఇండికేటర్ అన్నిటికీ ఎర్త్ ఒకటే. అది తెగిపోతే నువ్వు బ్రేక్ తొక్కినప్పుడు బ్రేక్ ఫిలమెంట్ (బల్బులో వెలిగే తీగ) దాటి వచ్చిన కరెంటు కిందికి పోలేక, పక్కనే ఉన్న ఇండికేటర్ ఫిలమెంట్‌లోకి వెనక నుంచి దూరి, ఆ వైరు పట్టుకుని ముందున్న ఇండికేటర్ బల్బు దాకా, డ్యాష్‌బోర్డులోని చిన్న బాణం దాకా వెళ్ళి అక్కడి మంచి ఎర్త్‌లో దిగుతుంది. అందుకే ఆ బాణం మసకగా వెలుగుతోంది. ఎడమ ఇండికేటర్ వేసినప్పుడూ అంతే, ఆ కరెంటు టెయిల్ ఫిలమెంట్ గుండా ఎక్కి, టెయిల్ వైరు మీదుగా కుడివైపు గూటికీ మిగతా పార్కింగ్ లైట్లకీ పోతుంది. ఇంకో పరీక్ష చెప్తాను. రాత్రిపూట పార్కింగ్ లైట్లు వేసి ఎడమ ఇండికేటర్ పెట్టి వెనక్కి వెళ్ళి చూడు. ఇండికేటర్ వెలగాల్సిన క్షణంలో అది వెలగకపోగా టెయిల్ లైటు ఆరిపోతుంటే ఇక అనుమానమే అక్కర్లేదు, ఎర్త్ పూర్తిగా తెగినట్టే.

బోల్టు విప్పే ముందు ఒక్కసారి బల్బు తీసి చూడు, ఎందుకంటే ఇలాంటి లక్షణాలే తప్పు బల్బు పెట్టినా వస్తాయి. బ్రేకూ టెయిలూ కలిసి ఉన్న బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, 21 వాట్లది బ్రేక్‌కి, 5 వాట్లది టెయిల్‌కి. దాని పక్కన ఉండే రెండు బుడిపెలు ఒకటి కాస్త పైన, ఇంకోటి కాస్త కింద ఉంటాయి, తిరగేసి పెట్టకుండా అన్నమాట. ఒకే ఫిలమెంట్ ఉన్న బల్బుకి రెండూ సమానంగా ఉంటాయి. ఎవడో ఓపిక లేనివాడు దీన్ని దాని హోల్డర్‌లో బలవంతంగా తోస్తే, అడుగునున్న ఒకే కాంటాక్టు హోల్డర్‌లోని రెండు కాంటాక్టుల్నీ కలిపేస్తుంది, ఇక బ్రేక్ తొక్కితే పార్కింగ్ లైట్లన్నీ వెలుగుతాయి. పాత కారు ఎన్ని చేతులు మారిందో, ఎవరు ఏం పెట్టారో ఎవరికి తెలుసు!

బల్బు సరైనదే అయితే ఒక పొడుగాటి వైరు తీసుకో. ఒక చివర ఎక్కడైనా శుభ్రంగా గీకిన బాడీ బోల్టుకి గానీ బ్యాటరీ నెగెటివ్‌కి గానీ తగిలించి, రెండో చివర వెనక లైటు సాకెట్‌లో ఎర్త్ వైరుకి ఆనించు. చాలా కార్లలో అది నల్ల వైరు, జర్మన్ కార్లలో గోధుమ రంగు. ఆనించగానే లైట్లన్నీ బుద్ధిగా వెలిగితే దొంగ దొరికినట్టే. ఆ బోల్టు విప్పి, రింగునీ కింద రేకునీ సాండ్ పేపర్‌తో తెల్లగా మెరిసేదాకా రుద్ది, పళ్ళున్న వాషర్ వేసి గట్టిగా బిగించి, పైన కొంచెం గ్రీజు పూసెయ్. గ్రీజు బిగించాకే పూయాలి.

మీటరుతో చూడాలంటే కూడా చూడొచ్చు, కానీ చాలామంది చేసే పద్ధతి వల్ల ఏమీ తెలియదు. లైట్లు ఆపేసి, వైరుకి మీటరు పెట్టి, బీప్ వచ్చింది కాబట్టి వైరు బాగుంది అనుకుంటారు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ అంటుంది, 12 వోల్టులూ చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. బల్బు కరెంటు లాగినప్పుడే ఆ ఒక్క పోగు చేతులెత్తేస్తుంది. అందుకని లైటు వెలుగుతుండగానే కొలవాలి. మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మొలక మీద (క్లాంపు మీద కాదు, సీసం మొలక మీదే), ఇంకోటి లైటు దగ్గరి ఎర్త్ పిన్ను మీద పెట్టు. 0.1, 0.2 వోల్టులు చూపిస్తే పర్లేదు. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో తుప్పు ఆ వోల్టుల్ని తినేస్తోంది. ఎక్కడ తింటోందో కనుక్కోవడానికి మొనని లైటు నుంచి బోల్టు రింగుకి, రింగు నుంచి పక్కన బాడీ రేకుకి జరుపుతూ పో. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే రోగం ఆ రెండు చోట్ల మధ్యే ఉంది. మీటరు లేకపోతే ఒక 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టుకో చాలు, అదే టెస్ట్ బల్బు, నిజానికి నా ఓటు దానికే.

ఇక హెడ్‌లైట్లు. ముందు పగలు బయట నిలబడి అద్దం చూడు. చాలా కార్లలో అది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండకి పసుపెక్కి మసకబారి ఉంటే లోపల ఎంత మంచి బల్బు పెట్టినా ఏం లాభం లేదు, పాలిష్ చెయ్యాలి. అద్దం బాగుంటే అప్పుడు వోల్టులు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఆ తర్వాత లైట్లు వేసి, హోల్డర్ వెనక నుంచి మొన దూర్చి బల్బు పిన్నుల మధ్య కొలువు. బ్యాటరీ దగ్గర 14 ఉండి ఇక్కడ 12 వస్తే, పోయింది రెండు వోల్టులే కదా అనుకుంటాం. హాలోజన్ బల్బు అలా లెక్క వెయ్యదు. వోల్టులు పది శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం తగ్గుతుంది, 14 కాస్తా 12 అయితే దాదాపు 40 శాతం పోతుంది. నీ ఆముదం దీపాల రహస్యం బహుశా ఇదే.

ఆ రెండు వోల్టులు ఎక్కడ పోతాయంటే, పాత కార్లలో చాలావాటికి హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగ్ పక్కనున్న స్విచ్చు గుండానే పోతుంది. 55 వాట్ల బల్బులు రెండు, అంటే 110 వాట్లు, తొమ్మిది ఆంపియర్ల పైమాటే. అంత కరెంటు బ్యాటరీ నుంచి లోపలికొచ్చి, స్విచ్చులో చిన్న కాంటాక్టుల మీద ఎక్కి దిగి, మళ్ళీ బానెట్ ముందుకు పోవాలి. ఏళ్ళ తరబడి నిప్పురవ్వలకి ఆ కాంటాక్టులు నల్లబడిపోతాయి. లైట్లు కాసేపు వేశాక ఆ స్విచ్చు కాడ వేడిగా తగులుతోందేమో చెయ్యి పెట్టి చూడు. దీనికి శాశ్వతమైన మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని వేసి ఆపే స్విచ్చు. బ్యాటరీ నుంచి లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు, అక్కడి నుంచి రిలే 30వ పిన్నుకి, 87 నుంచి లైట్లకి. పాత స్విచ్చు వైరు వచ్చి 86కి, 85 ఎర్త్‌కి. లో బీమ్‌కి ఒకటి, హై బీమ్‌కి ఒకటి. ఇక స్విచ్చు మోసేది రిలే కాయిల్‌కి కావలసిన పిసరంత కరెంటే. ఇంత చేశాక మామూలు 60/55 బల్బు (హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లు) కూడా ఎలా వెలుగుతుందో నువ్వే చూస్తావు.

అది చెయ్యకుండా 100/90 వాట్ల బల్బులు తగిలిస్తావేమో, నీ సంగతి నాకు తెలుసు. వద్దు. ఉన్న వైరే 55ని మొయ్యలేక చస్తుంటే 90 పెడితే హోల్డర్ కరిగి గోధుమ రంగుకి తిరుగుతుంది. హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ దూర్చడమూ నాకు నచ్చదు, వెలుగు పడాల్సిన చోట పడకుండా ఎదురొచ్చేవాడి కళ్ళలో పడుతుంది. కొత్త హాలోజన్ పెట్టేటప్పుడు గాజుని వేళ్ళతో ముట్టుకోకు, వేలి జిడ్డు అంటిన చోట వేడెక్కి తొందరగా పోతుంది. రెండువైపులా ఒకేసారి మార్చు.

ఇండికేటర్ టకటకా వేగంగా కొట్టుకుంటోందని ఆఖర్లో రాశావు కదా, అది టెన్షన్ పడాల్సిందే కాదు. ఒక బల్బు పోయిందని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ (ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసే డబ్బా) నీకు చెప్పే తీరు అది. బల్బు పోకపోయినా ఎర్త్ సరిగ్గా లేక లోడు తగ్గితే అలాగే కొట్టుకోవచ్చు, కాబట్టి వెనక ఎర్త్ బాగయ్యాక మళ్ళీ చూడు. ఎల్ఈడీ ఇండికేటర్ బల్బులు పెట్టినా ఇదే గోల.

ఫ్యూజు ఒకటి మాటిమాటికీ పోతోందన్నావు, అది మాత్రం నాకు నచ్చలేదు. ఎర్రది 10, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30 ఆంపియర్లు. ఎర్రది పోతోందని పసుపుది పెట్టావంటే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, వైరు. నా అనుమానం డిక్కీ మీద. డిక్కీ మూతకీ బాడీకీ మధ్య వైర్లు ఒక రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి చూడు, మూత తీసినప్పుడల్లా అవి వంగుతాయి. కొన్నేళ్ళకి పైతొడుగు పగిలి లోపలి రాగి బాడీ రేకుకి తగుల్తుంది, అదే షార్టు. లేదా తొడుగు బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది. అలాంటి వైరుని పట్టుకుని మెల్లగా లాగితే సాగుతుంది, మంచి వైరు సాగదు.

షార్టు పట్టుకోవడానికి ఫ్యూజులు తగలేసుకోనక్కర్లేదు. పోయిన ఫ్యూజు స్థానంలో ఇందాకటి 21 వాట్ల బల్బు పెట్టు. ఆ సర్క్యూట్‌లోని బల్బులన్నీ తీసేసి స్విచ్చు వెయ్యి. షార్టు ఉంటే నీ బల్బు నిండుగా వెలుగుతుంది, వైరుకేమీ కాదు, ఎందుకంటే బల్బే కరెంటుని అదుపులో పెడుతుంది. ఇప్పుడు డిక్కీ మూత తీస్తూ మూస్తూ, రబ్బరు గొట్టాన్ని అటూ ఇటూ వంచుతూ ఉండు. ఏ కదలికకి బల్బు టక్కున ఆరిపోతే అదే చోటు. తెగిన ముక్క కోసేసి మెత్తటి కొత్త వైరు అతికించి, పైన హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని వైరుని పట్టేసే గొట్టం) తొడుగు. అతుకులన్నీ ఒకే చోట రాకుండా ఎగుడుదిగుడుగా పెట్టు, లేకపోతే గొట్టంలో పట్టవు.

అన్నట్టు, బ్రేక్ లైట్లు ఎప్పుడైనా ఆరకుండా అలాగే ఉండిపోతే గాభరాపడి వైర్లు పీకకు. పెడల్ పైన స్విచ్చు మొనకి ఆనే చిన్న ప్లాస్టిక్ బొత్తాం పొడిపొడి అయిపోయి ఉంటుంది, ఆ ముక్కలు నీ కాళ్ళ దగ్గర మ్యాట్ మీద దొరుకుతాయి.

ఏ వైరు మీద చెయ్యి వేసినా ముందు బ్యాటరీ నెగెటివ్ తీసెయ్, వేలికి ఉంగరం ఉంటే అదీ తీసెయ్. కొలిచేటప్పుడు మాత్రం బ్యాటరీ ఉండాల్సిందే కదా, అప్పుడు జాగ్రత్త. పసుపు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటికి టెస్ట్ బల్బు చూపించను కూడా చూపించకు.

ఈ వారాంతంలో కూర్చుని ముందు వెనక ఎడమ ఎర్త్, తర్వాత హెడ్‌లైట్ల దగ్గర వోల్టులు, ఆ తర్వాత డిక్కీ, ఈ వరసలో చూడు. అంకెలు రాసి పంపు. లైట్లు వేసి కొలిచినవే పంపు, ఆపి కొలిచినవి నాకొద్దు.

ఉంటాను రా.