వేసవి కార్నివాల్‌లో కుటుంబాల కార్యక్రమాలు: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఏడాది మన సంఘం సమయమూ శ్రమా ఎక్కువగా సముద్రతీరంలో జరిపే వేసవి కార్నివాల్‌కే వెళ్ళాయి కాబట్టి ఈ నివేదికలో కూడా దాని గురించే ఎక్కువ ఉంటుంది, మిగతావి చివర్లో రెండు ముక్కల్లో చెప్తాను.

పోయినసారి సర్వసభ్య సమావేశంలో ఒక తల్లి లేచి అడిగిన ప్రశ్న చాలామందికి గుర్తుండే ఉంటుంది. పిల్లలు ఆడుకుంటుంటే మేం చెప్పులకీ సంచులకీ కాపలా కూర్చుంటున్నాం, దీన్ని కుటుంబాల పండగ అని ఎలా అంటున్నారు అని అడిగారామె. ఆ మాట కమిటీలో అందరికీ తగిలింది. అందుకే ఈసారి స్టేజీ ప్రదర్శనలు బాగా తగ్గించి, పెద్దవాళ్ళు కూడా ఇసుకలోకి దిగితేనే సాగే ఆటలు పెట్టాం.

వాటిలో అందరికీ నచ్చింది ఇసుక కోటల పోటీ. మొదటి రోజు మాత్రం పాడైంది, ఆ తప్పు పూర్తిగా మాదే. జనానికి ఏ టైమ్ వీలవుతుందో చూసి కార్యక్రమం వేశాం గానీ ఆటుపోట్ల పట్టిక తెరిచి చూడలేదు. పౌర్ణమికి, అమావాస్యకి దగ్గర్లో పోటు మామూలు కంటే పైకి వస్తుందని తీరంలో పుట్టి పెరిగినవాళ్ళకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు, అయినా సరిగ్గా పౌర్ణమి రోజుల్లోనే పోటీ పెట్టాం. కోటలు సగం కూడా కాకముందే నీళ్ళు వరస మొత్తాన్ని లాక్కుపోయాయి. ఏడుస్తున్న పిల్లల్ని చూసి చాలా బాధేసింది. ఆ రాత్రే కూర్చుని పట్టిక చూశాం. పోటు రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి ఒకే గడియారం టైమ్ అన్ని రోజులకీ పనికిరాదు. మర్నాటి నుంచి పోటు తిరిగి, నీళ్ళు వెనక్కి వెళ్ళడం మొదలయ్యాకే పోటీ మొదలుపెట్టాం. దానివల్ల ఇంకో లాభం కూడా కలిగింది, అప్పుడే నీళ్ళు వదిలిన ఇసుక తడిగా, గట్టిగా ఉండి కోటకి బాగా పనికొచ్చింది. రేణువుల మధ్య పల్చటి నీటి పొర ఉంటేనే ఇసుక ఒకదానికొకటి పట్టుకుని నిలబడుతుంది, ఎండితే రాలిపోతుంది, నీళ్ళు ఎక్కువైతే జారిపోతుంది. ఈ సంగతి ఒక తాతగారు మనవరాలికి చేత్తో పిసికి చూపిస్తుంటే చుట్టుపక్కల కట్టేవాళ్ళంతా చేతిలో పని ఆపి వినడం నేను చూశాను. పోటీ అయ్యాక గోతులన్నీ పూడ్చాం. మోకాలి లోతు దాటి తవ్వొద్దని ముందే చెప్పాం, ఎందుకంటే ఇసుక గోడ కూలితే మనిషి మునిగిపోవడానికి క్షణం చాలు.

గాలితో నింపే గెంతుడు కోట గురించి కొందరు సభ్యులు కోపంగా ఉన్నారని తెలుసు. మధ్యాహ్నాలు దాన్ని దించేయమన్నది కమిటీయే. ఎండకి నేల వేడెక్కిన కొద్దీ సముద్రం మీది గాలి ఒడ్డుకి తోసుకొస్తుంది, అది మధ్యాహ్నం నుంచి బాగా పెరుగుతుంది. గాలి గంటకి 38 కిలోమీటర్లు దాటితే ఇలాంటివి వాడకూడదని యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 14960 చెబుతుంది. మేం గాలి కొలిచే మీటరు పెట్టుకుని, ఆ అంకె దగ్గరికి రాకముందే పిల్లల్ని దించేశాం. లైన్లో నిలబడి వెనక్కి వెళ్ళిన పిల్లలకి క్షమాపణ చెప్తున్నాను, కానీ మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాం. వచ్చే ఏడాది దాన్ని పొద్దున పూటే పెడతాం.

తాడులాగే పోటీలో ఈసారి ప్రతి జట్టులో మూడు తరాల వాళ్ళుండాలని రూలు పెట్టాం. 1900 నుంచి 1920 వరకు ఒలింపిక్స్‌లో కూడా ఉన్న ఆట ఇది అని మైకులో చెప్పగానే అమ్మమ్మలు కొంగు బిగించి వచ్చేశారు! తాడుని చేతికి చుట్టుకోవద్దని మాత్రం ప్రతిసారీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మూడు కాళ్ళ పరుగు, ముఖాలకి రంగులు, చేతిబొమ్మల ఆట ఎప్పటిలాగే బాగా జరిగాయి.

తప్పిపోయిన పిల్లల సంగతి వివరంగా చెప్పాలి. తీరంలో ఎటు చూసినా ఇసుక, నీళ్ళు, గొడుగులే కాబట్టి చిన్నపిల్లలకి తమ చోటు ఏదో గుర్తుండదు. అందుకే పొడవాటి కర్రలకి చేప, తాబేలు, పడవ లాంటి బొమ్మల జెండాలు కట్టి, మన చోటు తాబేలు దగ్గర అని పిల్లలకి ముందే చెప్పించాం. మణికట్టు పట్టీ మీద తల్లిదండ్రుల ఫోన్ నంబర్ రాశాం. దారితప్పిన పిల్లలు ఎక్కువగా ఎండకి వీపు పెట్టి నడుస్తారని లైఫ్‌గార్డులు చెప్పారు, ముందు అటువైపే వెతికాం. పిల్లలందరూ క్షేమంగా దొరికారు. ఒక తండ్రి కొడుకుని ఎత్తుకుని ఏడ్చిన తీరు నేను మర్చిపోలేను. లైఫ్‌గార్డులు కాపలా ఉండే ఎరుపు పసుపు జెండాల మధ్యే స్నానం చేయాలన్న రూలు ఎందుకంత పట్టుగా చెప్తామో అలాంటప్పుడే అందరికీ అర్థమవుతుంది. ఒకవేళ ఒడ్డు నుంచి సముద్రంలోకి లాక్కుపోయే నీటి లాగుడులో చిక్కుకుంటే దానికి ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా ఈది బయటపడాలని కూడా రోజూ మైకులో చెప్పించాం.

చివరి రోజు గాలిలోకి బెలూన్లు వదలడం మానేశాం. అవి చివరికి సముద్రంలోనే పడతాయి, తాబేళ్ళు వాటిని జెల్లీచేపలనుకుని మింగుతాయి. బాణసంచా కూడా వద్దనుకుని, పిల్లలు కాగితంతో తయారుచేసిన చేతిలాంతర్లతో ఊరేగింపు జరిపాం, లోపల చిన్న బ్యాటరీ దీపాలు పెట్టాం. పెద్ద శబ్దాలకి టెన్షన్ పడే పిల్లల కోసం రోజూ మొదటి గంట మైకులు ఆపేశాం. ఇది అడిగింది ఇద్దరు తల్లులే, కానీ ఆ గంటలో వచ్చిన కుటుంబాలు చాలానే ఉన్నాయి. ఇసుక మీద చాప దారి పరవడం వల్ల చక్రాల కుర్చీలో వచ్చిన ఒక పెద్దావిడ అలలు కాళ్ళకి తగిలేంత దగ్గరికి వెళ్ళగలిగారు. ఈ ఏడాది చేసిన ఖర్చుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఆ చాపే.

మిగతా పనులు: ప్రతి నెలా తీరం శుభ్రం చేశాం, ప్రథమ చికిత్స శిక్షణ ఒకసారి జరిపాం. జమాఖర్చుల పట్టిక సమావేశంలో అందరి చేతికీ ఇస్తాం, ఏ ప్రశ్న ఉన్నా అక్కడే అడగండి.

వచ్చే కార్నివాల్ తేదీలు ఈసారి ఆటుపోట్ల పట్టిక చూశాకే ఖరారు చేస్తాం. మణికట్టు పట్టీల బల్ల దగ్గర కూర్చోవడానికి నలుగురు కావాలి. పిల్లలతో ఓపిగ్గా మాట్లాడగలిగితే చాలు, పేర్లు సమావేశం రోజే ఇవ్వండి.