ఆ కత్తులు రాజు సంతాపం కోసం చేసినవి కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పదిహేడో శతాబ్దపు ఇంగ్లండ్ అంతర్యుద్ధం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. అందులో ఆనాటి గుర్రపు రౌతు కత్తి బొమ్మ వేసి, పిడి మీద చెక్కిన గడ్డపు ముఖం మొదటి చార్లెస్ రాజుదేననీ, ఆయన శిరచ్ఛేదం తర్వాత అభిమానులు సంతాప చిహ్నంగా అలాంటి కత్తులు చేయించుకున్నారనీ రాశారు. అది సరికాదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు మీ అనుబంధాన్ని కత్తిరించి దాచుకుంటారు. మా ఊరి గ్రంథాలయంలో సోమవారం ఉదయానికే ఆ పుట లేదు. అందుకే ఈ లేఖ రాయక తప్పలేదు.

చార్లెస్ తల నరికింది 1649 జనవరి 30న, లండన్‌లోని వైట్‌హాల్‌లో, అదీ గొడ్డలితో. ఈ రకం పిడులు మాత్రం యుద్ధం మొదలైన 1642కు ముందే, 1630లలోనే, తయారవుతున్నాయి. బతికున్న రాజుకు సంతాపం ప్రకటిస్తూ కత్తి ఎవరు చేయిస్తారు? పైగా ఆయన మీద తిరగబడ్డ పార్లమెంటు రౌతులు కూడా ఇవే కత్తులు నడుముకు వేలాడదీసుకుని యుద్ధం చేశారు. ఈ కత్తులకు ‘మార్చురీ సోర్డ్’ (మృతుల కత్తి) అన్న పేరు పంతొమ్మిదో శతాబ్దంలో పాత ఆయుధాలు సేకరించేవారు ఆ ముఖాలను చూసి, ఊహించి పెట్టింది. ఆసుపత్రిలో శవాలుంచే గదిని మార్చురీ అనే మనకు ఆ పేరు వినగానే కథ మరింత నిజమనిపించడం సహజమే.

కొన్నేళ్ల క్రితం మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ మ్యూజియంలో ఇలాంటి కత్తి ముందు చాలాసేపు నిలబడ్డాను. పిడి అడుగున సాసరులా పల్లంగా ఉన్న ఇనుప రేకు పిడికిలిని కాపాడుతుంది. దాని అంచు నుంచి లేచిన కమ్ములు వేళ్ల మీదుగా వంగి వెళ్లి, పిడి చివరి గుండుకు మరలతో బిగుసుకుంటాయి. రేకు మీద చెక్కిన ముఖం ఉలి నాలుగు దెబ్బల్లో తేల్చిన మొరటు పని. ఫలానా మనిషి అని పోల్చుకోవడానికి అందులో ఏమీ లేదు. ఈ రకం పిడుల్లో కొన్నిటి మీద ఆడవారి ముఖాలు, కొన్నిటి మీద ఉత్త లతలు, ఆకులు మాత్రమే ఉంటాయి.

అలుగుల, అంటే పిడికి బిగించే పదునైన ఉక్కు రేకుల, సంగతి వ్యాసంలో అసలు రాలేదు. చాలావరకు అవి జర్మనీలోని సోలింగెన్ నుంచి వచ్చినవి. చార్లెస్ ఆదరణతోనే 1629 ప్రాంతంలో సోలింగెన్ కమ్మరులు లండన్ దగ్గరి హౌన్స్‌లోలో కొలిమి పెట్టారు. ఆ శతాబ్దంలోనే ఐరోపా అలుగులు ఓడలెక్కి మన దక్కనుకూ చేరాయి. వాటికి ఇక్కడి పిడులు బిగించి ఫిరంగీ కత్తులన్నారు, అంటే ఐరోపావారి కత్తులని.

వాటిని పట్టిన మనుషుల గురించి కూడా రెండు మాటలు రాసి ఉంటే బాగుండేది. మందపాటి తోలు కోటు, ఛాతీకి వీపుకు ఉక్కు కవచం, మెడ వెనక వరకు దిగే ఇనుప టోపీ ఉన్న ప్రత్యర్థిని కత్తితో పడగొట్టడం తేలిక కాదు. కాబట్టి దెబ్బ ముఖానికో, కళ్లెం పట్టిన చేతికో తగలాలి. రాజు పక్షపు ఆశ్విక దళాధిపతి ప్రిన్స్ రూపర్ట్ తన రౌతులను దూరం నుంచి పిస్తోళ్లు కాల్చవద్దని, కత్తి దూసి నేరుగా మీద పడమని ఆదేశించేవాడు. 1642 అక్టోబర్ 23న ఎడ్జ్‌హిల్ దగ్గర వారు ఆ ఊపుతోనే ఎదుటి రౌతులను చెదరగొట్టి, వారిని తరుముకుంటూ సామాను బండ్ల దోపిడీలో పడి, తమ కాల్బలానికి అవసరమైన వేళకు తిరిగి రాలేకపోయారు. దాడి అయ్యాక తన వారిని మళ్లీ వరుసలోకి తేగలిగిన పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ 1644లో మార్‌స్టన్ మూర్ దగ్గర గెలిచాడు. రెండు వైపులా ఆ కత్తులు పట్టింది ఒకే భాష మాట్లాడేవారు, కొన్నిచోట్ల ఒకే ఇంటివారు. ఆ కత్తులను ఒక్క రాజు స్మారకంగా మార్చేస్తే వారందరూ కథలోంచి జారిపోతారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది అదే.

రాబోయే ఆదివారం అదే అనుబంధంలో, విద్యార్థుల కంటపడే చోట, సవరణ ప్రచురించమని కోరుతున్నాను. బొమ్మను మళ్లీ వేస్తే దాని కింద ‘ఆశ్వికుల కత్తి, పదిహేడో శతాబ్దం, ఇంగ్లండ్’ అని రాస్తే చాలు.

ఇట్లు,
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
హనుమకొండ