ఇద్దరు పసివాళ్ళు, ఒక్క అమ్మ: నాన్నను లోపలికి రానివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ ఫ్యామిలీ పేజీలో బాలింతల గురించి, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల గురించి రాశారు, బాగుంది, మా ఆవిడకు కూడా చదివి వినిపించాను. కానీ అంత పెద్ద దాంట్లో నాన్న అనేవాడు ఒక్కచోటే వచ్చాడు, అదీ భర్త ధైర్యం చెప్పాలి అని. చెప్తాం సార్, ధైర్యానికేముంది. కానీ మాకు కవలలు పుట్టినప్పుడు నాకు తెలిసిందేంటంటే నాన్న చేయగలిగిన పని ఇంకోటుంది, పసిబిడ్డను గుండెకు హత్తుకుని ఒంటి వేడి ఇవ్వడం, దాన్ని చేయనివ్వకుండా చాలా ఆసుపత్రులు పిల్లల ఐసీయూ తలుపు దగ్గరే ఆపేస్తున్నాయి. ఆ సంగతే రాస్తున్నా, పొడుగైతే కత్తిరించుకోండి.

మాది మదనపల్లె. నేను బెంగళూరు పీణ్యలో ఒక మెషిన్ షాపులో క్వాలిటీ సెక్షన్‌లో చేస్తాను, ఉండేది దాసరహళ్లిలో. కవలలని మూడో నెల స్కానింగ్‌లోనే చెప్పారు. ఆ డాక్టరమ్మ ఇద్దరికీ మాయ (ప్లాసెంటా) ఒకటేనా వేరువేరా అని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది, వేరువేరు అని తేలాక గానీ ఆమె మొహంలో నవ్వు రాలేదు. ఒకే మాయ అయితే ఒక బిడ్డకు రక్తం ఎక్కువ, ఇంకో బిడ్డకు తక్కువ పోయే ప్రమాదం ఉంటుందట, ఆ తేడా 11 నుంచి 14 వారాల లోపల చేసే స్కాన్‌లోనే బాగా తెలుస్తుందట. కడుపులో ఇద్దరని తెలిసినవాళ్ళు ఈ ఒక్క ముక్క మాత్రం అడగకుండా బయటికి రావద్దు. ఇక మా అత్తకు ఫోన్ చేసి చెప్తే ఆమె మొదటి మాటే 'చిన్నప్పుడు జంట అరటిపండు తినొద్దే అంటే విన్నిందా ఇది' అని.

33వ వారంలో ఒక రాత్రి ఉమ్మనీరు పోయింది. మేం చూపించుకునే నర్సింగ్ హోమ్‌కి పరిగెత్తితే పిల్లల ఐసీయూలో ఒక్క బెడ్డే ఖాళీ ఉందన్నారు, మాకేమో రెండు కావాలి. వాళ్ళే అక్కడా ఇక్కడా ఫోన్లు చేసి జయనగర్ వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో రెండు ఉన్నాయని చెప్పి, పిల్లల ఊపిరితిత్తుల కోసం ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి అంబులెన్స్ ఎక్కించారు. గొరగుంటెపాళ్య సిగ్నల్ సంగతి బెంగళూరులో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, అర్ధరాత్రి కూడా లారీలే. రెండో డోసు పడేలోపే నొప్పులు వచ్చేశాయి, మొదటి బిడ్డ ఎదురుకాళ్ళు, అందుకని సిజేరియన్ చేశారు. ముందు బాబు, కిలో ఎనిమిది వందలు. వెనకే పాప, కిలో నాలుగు వందలు. మగో ఆడో స్కానింగ్‌లో చెప్పకూడదని 1994 నుంచి చట్టం ఉంది కదా, అందుకని ఇద్దరూ ఒకేసారి సర్‌ప్రైజ్ ఇచ్చారు. వెనక పుట్టిందే పెద్దది నాయనా, ముందు కడుపులో పడింది అదే అని మా అత్త, కాదు ముందొచ్చినవాడే పెద్ద అని మా నాన్న, ఆ పంచాయితీ ఇంకా తెగలేదు.

పాపకు ఊపిరి సరిగ్గా అందలేదని ముక్కుకు సీప్యాప్ పెట్టారు, అంటే ముక్కులోంచి గాలి ఒత్తిడితో పంపే మెషిన్. ఇద్దరినీ ఐసీయూలోకి తీసుకెళ్ళిపోయారు, నేను చూసింది అద్దంలోంచే. కాలికి కట్టిన ట్యాగ్ మీద మా ఆవిడ పేరు రాసి బేబీ 1, బేబీ 2 అని ఉంది. నా పేరు ఎక్కడా లేదు. బిల్లు మీద మాత్రం నా పేరే ఉంది లెండి, స్పెల్లింగ్ కూడా కరెక్టు. మా కంపెనీ ఇన్సూరెన్స్ పాలసీలో కాన్పుకు ఒక లిమిట్ ఉంది, ఒకరు పుట్టినా ఇద్దరు పుట్టినా అదే లిమిట్, దాని గురించి రాస్తే ఇంకో ఉత్తరం అవుతుంది.

అసలు విషయానికొస్తాను. బరువు తక్కువ పిల్లలకు కంగారూ కేర్ అని ఒకటుంది. బిడ్డకు డైపర్, టోపీ, సాక్సులు తప్ప ఏమీ లేకుండా అమ్మ గుండెల మీద నిలువుగా పడుకోబెట్టి పైన గుడ్డతో కట్టేస్తారు, అంతే. కొలంబియా దేశంలో బొగోటాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టారట, ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే 2022లో చెప్పింది, నెలలు నిండని పిల్లలకు పుట్టిన వెంటనే మొదలుపెట్టండి, రోజుకు 8 గంటల నుంచి 24 గంటల దాకా ఎంత వీలైతే అంత చేయండి అని. బిడ్డ ఒళ్ళు చల్లబడదు, ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి, బరువు పెరుగుతుంది. కట్టల కొద్దీ డబ్బు కట్టే మెషిన్లు చేసే పనిలో సగం ఒట్టి ఒంటి వేడి చేస్తుందంటే నాకు మొదట్లో నమ్మబుద్ధి కాలేదు.

ఇప్పుడు లెక్క వేయండి. బిడ్డకు తక్కువలో తక్కువ 8 గంటలు, బిడ్డలు ఇద్దరు, అమ్మ ఒక్కతే, అదీ కడుపు కోసి కుట్లేసిన మనిషి, మధ్యమధ్యలో ఇద్దరికీ పాలు పిండాలి, తినాలి, కాసేపు నడుం వాల్చాలి. ఇద్దరినీ ఒకేసారి కట్టొచ్చు, నర్సులు కట్టారు కూడా, కానీ కుట్ల నొప్పికి ఆమె అరగంట కన్నా కూర్చోలేకపోయేది. అదే టైముకి నేను, ఏ నొప్పీ లేకుండా గుండ్రాయిలాగా, బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నా. నేను చేస్తానండీ అని అడిగితే ఫాదర్స్‌కి పర్మిషన్ లేదు, ఇన్ఫెక్షన్ అన్నారు. అమ్మ చేతికి లేని ఇన్ఫెక్షన్ నాన్న చేతికి ఎక్కడ్నుంచి వస్తుందో, ఇద్దరం ఆ ఒక్క వాష్ బేసిన్‌లోనే కదా మోచేతుల దాకా కడుక్కునేది.

మా ఆవిడను డిశ్చార్జ్ చేశాక కథ ఇంకోలా మారింది. పిల్లలు అక్కడ, తల్లి దాసరహళ్లిలో. ఇంట్లో పిండిన పాలు చిన్న డబ్బాల్లో పోసి, మీద పేరు, టైము రాసి, ఐస్ ప్యాకులున్న బాక్సులో పెట్టుకుని గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి తీసుకెళ్ళేవాణ్ణి. ఒక్కో డబ్బాలో ఇరవై మిల్లీ కూడా ఉండేవి కావు, ఆ కాస్త పిండడానికి ఆమె పడిన తిప్పలు చూసినవాణ్ణి కాబట్టి మెజెస్టిక్‌లో జనం తోసుకుంటుంటే ఆ బాక్సును రెండు చేతుల్తో పట్టుకుని నిలబడేవాణ్ణి. మెట్రో సెక్యూరిటీ అతను మొదటిసారి తెరిచి చూసి ఏం మాట్లాడకుండా మూసి ఇచ్చేశాడు. ఆసుపత్రిలో మాత్రం పాల డబ్బా లోపలికి పోయేది, నేను బయట.

చివరికి ఒక మలయాళీ నర్సమ్మ వల్ల పని జరిగింది. పాప బరువు పెరగడం లేదు, ఆ రోజు మా ఆవిడకు జ్వరం, రాలేకపోయింది, ఆ నర్సే పెద్ద డాక్టర్‌తో మాట్లాడి నన్ను లోపలికి పిలిచింది. బటన్ల షర్టు వేసుకుని రండి, సెంటు కొట్టుకోవద్దు అంది. సెంటు నాకెక్కడిది, నాకున్నదల్లా షాపులో మెషిన్లకు పోసే కూలెంట్ వాసన, అది పోవాలని రెండు మూడుసార్లు సబ్బు రుద్దుకున్నా. పాపను తెచ్చి గుండె మీద పెట్టి తల ఒక పక్కకు తిప్పింది, చెవి చింతగింజంత ఉంది. పాదానికి కట్టిన ఆక్సిజన్ కొలిచే క్లిప్పు చర్మం లోంచి ఎర్రగా వెలుగుతోంది. నాకేమో పక్కన మానిటర్ మీదే కళ్ళు, ఆక్సిజన్ 91, 93, మళ్ళీ 90 అని అటూఇటూ ఆడుతోంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైక్రోమీటర్‌లో అంకెలు చూసే అలవాటు కదా. నర్సమ్మ వచ్చి మానిటర్‌ను అటు తిప్పేసి 'అచ్చన్, అది మా డ్యూటీ' అంది, అచ్చన్ అంటే మలయాళంలో నాన్న. కాసేపయ్యాక చూస్తే 96లో నిలబడింది. ఆ తర్వాత రోజూ డ్యూటీ దిగి నేరుగా అక్కడికే, మా ఆవిడ బాబును పెట్టుకుంటే నేను పాపను, లేదంటే అటుదిటు.

లోపలికి పోతే ఇంకో లాభం, విషయాలు తెలుస్తాయి. రెండు కిలోల లోపు గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన పిల్లలకు నెల తిరిగేలోపే కంటి రెటీనా పరీక్ష చేయించాలని నాకు చెప్పింది కూడా ఆ నర్సమ్మే, పాపను నా మీద పెట్టుకుని కూర్చున్నప్పుడే. అద్దం బయట నిలబడినవాడికి ఎవరు చెప్తారు?

నాకు బాగా మంట పుట్టించింది ఇంకోటి. మా షాపులో హెల్పర్‌గా చేసే అతని బిడ్డ సర్కారు ఆసుపత్రిలో ఉంటే అతనికి అక్కడ నేర్పించి మరీ లోపల కూర్చోబెట్టారట. కనుక్కుంటే తెలిసింది, తల్లిదండ్రులకు చేతులు కడగడం దగ్గర్నుంచి నేర్పించి బిడ్డ పనుల్లో కలుపుకోవాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లోనే గైడ్‌లైన్స్ ఇచ్చింది, ఢిల్లీలో రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో ముందు చేసి చూశారు. కంగారూ కేర్ నాన్న కూడా చేయొచ్చని అంతకుముందు 2014 గైడ్‌లైన్స్‌లోనే ఉంది. ఉచితంగా చూసే చోట నాన్న లోపల, లక్షలు తీసుకునే చోట నాన్న బయట!

ఆసుపత్రి వాళ్ళు చెప్పే ఒక్క కారణం మాత్రం నేను ఒప్పుకుంటా. లోపల వేరే తల్లులు పాలిస్తుంటారు, పిండుకుంటుంటారు, మగవాళ్ళు తిరిగితే ఇబ్బందే. దానికి ఒక కర్టెన్, వెనక్కి వాలే రెండు కుర్చీలు, సాయంత్రం నాన్నల కోసమని రెండు గంటల టైము పెడితే చాలదా? ఆ లాబీలో ఫౌంటెన్‌కి పెట్టిన ఖర్చులో అయిపోతుంది.

లీవు సంగతి కూడా రాయాలి. పిల్లలు ఐసీయూలో ఉండగానే నా లీవు అయిపోయింది. సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగికైతే 15 రోజులుంది, బిడ్డ పుట్టిన ఆరు నెలల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. మా ప్రైవేటు వాళ్ళకు చట్టమే లేదు, కంపెనీ దయ. 2017లో తల్లుల లీవు 12 నుంచి 26 వారాలు చేశారు, చాలా మంచి పని, అదే ఏడాది నాన్నల కోసం రాజీవ్ సాతవ్ అనే ఎంపీ లోక్‌సభలో ప్రైవేట్ మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేది) పెట్టాడు, అది చట్టం కాలేదు. కవలలు పుడితే తల్లికైనా ఎక్కువిస్తారా అంటే అదీ లేదు, ఇద్దరికీ కలిపి ఆ 26 వారాలే.

మీరు ఒక పని చేసిపెట్టండి సార్. మీ బెంగళూరు రిపోర్టర్లతో పెద్ద ఆసుపత్రులకు ఒక్కో ఫోన్ చేయించి, పిల్లల ఐసీయూలోకి నాన్నను రానిస్తారా, ఏ టైములో, ఎంతసేపు అని అడిగించి ఒక టేబుల్ వేయండి. కవలలు ఉన్నవాళ్ళకు నెలలు నిండకుండానే కాన్పు అవడం మామూలే, కాబట్టి ఏడో నెలలోనే అది చూసుకుని ఎక్కడ చేరాలో తేల్చుకుంటారు. మా షాపులోనే ఇంకొకతని భార్యకు ఇప్పుడు కవలలు, ఐదో నెల నడుస్తోంది, రోజూ నన్నే అడుగుతున్నాడు.

ఇట్లు,
ఒక కవలల నాన్న,
దాసరహళ్లి, బెంగళూరు