రికార్డ్ బటన్ పియానోలోనే ఉండగా ఫోన్ ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

డిజిటల్ పియానో కొనేముందు ఏం చూడాలి, 88 కీలు కావాలా 61 సరిపోతాయా అనే వ్యాసాలు పేపర్లలో అప్పుడప్పుడు కనిపిస్తూనే ఉంటాయి. కొన్నాక ఏం చెయ్యాలో మాత్రం పెద్దగా ఎవరూ రాయరు. ముఖ్యంగా, మనం వాయించింది మనమే రికార్డ్ చేసుకుని వినడం గురించి. అందుకే ఈ ఉత్తరం.

నేర్చుకునేవాళ్లలో చాలామంది ఏం చేస్తారంటే, ఫోన్‌ని పియానో మీద పుస్తకం పెట్టుకునే స్టాండుకి ఆనించి, వీడియో ఆన్ చేసి వాయించేస్తారు. తర్వాత విని, ఇంత చప్పగా వాయిస్తున్నానా అని నీరుగారిపోతారు. ఆ చప్పదనంలో ఫోన్ వాటా చాలా ఉంటుందండీ. ఫోన్ మైకు ఉన్నది ముఖ్యంగా మాటల కోసం. గట్టిగా అరిస్తే తగ్గించి, మెల్లగా మాట్లాడితే పెంచి, అంతా ఇంచుమించు ఒకే స్థాయికి తెచ్చే ఏర్పాటు అందులో ఉంటుంది. కాల్ మాట్లాడేటప్పుడు అది మంచిదే, కానీ పియానో దగ్గర కొంప ముంచుతుంది. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయిన చోట, మీరు కష్టపడి తెచ్చిన ఆ పెరుగుదలనే చదును చేసి పారేస్తుంది. దానికి తోడు ఫ్యాను హోరు, కీలు కిందికి తగిలే టకటక. ఇక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాయిస్తే ఫోన్‌కి దక్కేది ఆ టకటక ఒక్కటే!

చాలా డిజిటల్ పియానోల్లో రికార్డ్ చేసే సదుపాయం ఎప్పట్నుంచో ఉంది. అయితే అది సాధారణంగా దాచుకునేది శబ్దాన్ని కాదు, మిడి సమాచారాన్ని. ఏ కీ ఎప్పుడు నొక్కారు, ఎంత జోరుగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ ఎప్పుడు తొక్కారు, ఇదీ ఆ లెక్క. 1983 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి, ఏ కంపెనీ వాయిద్యానికైనా అర్థమవుతుంది. నొక్కిన జోరుకి 1 నుంచి 127 దాకా ఒక అంకె వేస్తుంది. మళ్లీ ప్లే చేస్తే పియానో మీ వాయింపుని తన సొంత శబ్దంతో తనే వాయించి వినిపిస్తుంది, వేగం సగానికి తగ్గించినా శ్రుతి మారదు. ఈ ఆలోచన మరీ కొత్తదేం కాదు లెండి, 1904లోనే జర్మనీలో వెల్టే మిన్యోన్ అనే ఏర్పాటు వచ్చింది, పియానిస్టు వాయించింది కాగితపు చుట్టమీద చిల్లులుగా నమోదయ్యేది, ఫ్రెంచ్ స్వరకర్త డెబ్యుసీ అంతటివాడు కూడా దాని కోసం వాయించాడు.

ఈ మిడి ఫైలుని కంప్యూటర్‌లో ఏదైనా మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి, అసలు మజా అక్కడుంది. ఒక్కో స్వరం ఒక్కో పట్టీలా కనిపిస్తుంది. దాని జోరు అంకె కూడా చూడొచ్చు. ఉదాహరణకి కుడిచేతి స్వరాలన్నీ 70 చుట్టుపక్కల ఉంటాయి, ఎడమచేతి బొటనవేలు పడ్డ చోటల్లా 95. ట్యూన్ సరిగ్గా వినపడట్లేదని ఇన్నాళ్లూ కుడిచెయ్యి బాదుతూ ఉంటారు, తగ్గాల్సిందేమో ఆ బొటనవేలు! కార్డ్‌లో, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించేదాంట్లో, మూడు కీలూ ఒక్కసారే పడాల్సిన చోట పట్టీలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. పెడల్ గీత చూస్తే, కార్డ్ మారిపోయాక కూడా కాలు ఎత్తకుండా ఉన్న చోటు తెలుస్తుంది, స్వరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే ఆ అలుకుడంతా ఎక్కణ్నుంచి వస్తోందో అప్పుడు అర్థమవుతుంది. అదే సాఫ్ట్‌వేర్‌లో క్వాంటైజ్ అని ఒకటుంటుంది, తాళం తప్పిన స్వరాలన్నిటినీ లాగి వరసలో కూర్చోబెడుతుంది. నేర్చుకోవడానికి రికార్డ్ చేసుకునేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలని నా అభిప్రాయం, దిద్దింది విని ఏం లాభం?

ఎవరికైనా పంపాలంటే మాత్రం ఆడియోనే కావాలి. మిడి పంపితే అది వాళ్ల యంత్రంలో ఏ శబ్దం ఉంటే ఆ శబ్దంతో మోగుతుంది. కొన్ని మోడళ్లు నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి వేవ్ ఫైలుగా ఎక్కిస్తాయి, సీడీ నాణ్యతలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ. ఆ సదుపాయం లేకపోతే లైన్ అవుట్ (శబ్దం బయటికి పంపే సాకెట్) నుంచో హెడ్‌ఫోన్ సాకెట్ నుంచో ఆడియో ఇంటర్‌ఫేస్‌కి, అంటే శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే చిన్న పెట్టెకి, కేబుల్ కలపాలి. గట్టిగా వాయించే భాగం ముందుగా ఒకసారి వాయించి, రికార్డింగ్ స్థాయి చూపించే మీటరు ఎరుపులోకి పోకుండా సౌండ్ తగ్గించి పెట్టుకోండి. తక్కువగా ఎక్కితే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిపోయి ఎక్కితే సరిచెయ్యడం చాలా కష్టం. గుయ్‌మని హోరు వస్తుంటే ఒకసారి ల్యాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి.

చాలామంది చిక్కుకునేది యూఎస్‌బీ కేబుల్ దగ్గర. ప్రింటర్‌కి వాడే చదరపు పిన్ను కేబులే పియానోకి పెడతారు, కంప్యూటర్ గుర్తుపడుతుంది కూడా, కానీ శబ్దం రాదు. ఎందుకంటే చాలా మోడళ్లలో ఆ కేబుల్‌లో పోయేది మిడి మాత్రమే, కొన్నిట్లోనే ఆడియో కూడా పోతుంది. ఈ ఒక్క ముక్క మాన్యువల్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో వెయ్యడానికి కంపెనీలకి ఏం అడ్డమో నాకు తెలీదు. చిన్న మోడళ్లలో ఒక్క పాటకే చోటుంటుందని, కొత్తది రికార్డ్ చేస్తే పాతది చెరిగిపోతుందని కూడా ఎక్కడో వెనకాల రాస్తారు.

రికార్డ్ లైటు వెలగ్గానే టెన్షన్ వచ్చి వేళ్లు బిగుసుకుపోతాయనేవాళ్లు బోలెడుమంది. వాళ్లకి నేను చెప్పేది, ప్రాక్టీస్ మొదలుపెట్టగానే బటన్ నొక్కి వదిలెయ్యండి, కాసేపటికి అదొకటుందనే మర్చిపోతారు. వాయించిన వెంటనే కాకుండా మర్నాడు వినండి. అప్పటికప్పుడు వింటే చెవిలో ఇంకా మనం వాయించాలనుకున్నదే మోగుతూ ఉంటుంది. పియానో మాస్టార్లు కూడా వారానికోసారి రికార్డింగ్ తెమ్మని పిల్లల్ని అడిగితే బాగుంటుంది, క్లాసులో ఒక్కసారి విని వదిలేసే దానికన్నా ఫైలు ముందు పెట్టుకుని ఇదిగో ఇక్కడ అని చూపించడం తేలిక.

మీ టెక్నాలజీ పేజీలో ఎప్పుడైనా కాస్త చోటుంటే, పియానో వెనకవైపు సాకెట్లన్నిటి బొమ్మ వేసి, దేంట్లోంచి శబ్దం వస్తుందో దేంట్లోంచి మిడి వస్తుందో గుర్తులు పెట్టి అచ్చు వెయ్యండి. వ్యాసం లేకపోయినా ఫర్వాలేదు, ఆ బొమ్మ చాలు.

ఇట్లు,
మీ పాఠకుడు