చెవికీ రీడింగుకీ తగువెందుకు?

సంపాదక మహాశయులకు,

గాజువాక, మల్కాపురం వైపు పెద్ద ఫ్యాక్టరీల్లో మెయింటెనెన్స్ షాపుల్లో, అంటే మరమ్మతు విభాగాల్లో, తగువు ఒకటుంది. ట్యాబ్ పట్టుకున్న కుర్రాళ్లు యంత్రం వైబ్రేషన్ (అదురు) రీడింగ్ బాగుందంటారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ ఫోర్‌మన్ పంపుకి స్క్రూడ్రైవర్ ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని "బేరింగ్ (ఇరుసు తిరిగే ఆధారం) పోతోందిరా" అంటాడు. మేనేజ్‌మెంట్లు దీన్ని వయసు గొడవనుకుని పెద్దవాళ్లకు కంప్యూటర్ క్లాసులు పెడుతున్నాయి. ఇద్దరూ కొలిచేది ఒకటే అయితే కదా!

ట్యాబ్‌లో కనిపించే వైబ్రేషన్ అంకె మామూలుగా 10 నుంచి 1000 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు అదిరే ఫ్రీక్వెన్సీ) మధ్య తీసింది. 300 కిలోవాట్లు దాటిన యంత్రం గట్టి పునాది మీదుంటే అదురు వేగం సెకనుకు 4.5 మిల్లీమీటర్ల దాకా నిశ్చింతగా నడపొచ్చని, 7.1 దాటితే దెబ్బతింటుందని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10816 పట్టిక (2022లో దీని స్థానంలో 20816 వచ్చింది). కానీ రేసులో (బేరింగ్ గుండ్లు దొర్లే గాడిలో) పిట్టింగ్, అంటే చిన్న గుంటలు పడటం, మొదలైనప్పుడు వచ్చే చప్పుడు అంతకు చాలా పై ఫ్రీక్వెన్సీలో ఉంటుంది. అంకె కదలదు, చెవి పట్టేస్తుంది. అదే ఫ్యాన్ బ్లేడ్లకు దుమ్ము పేరుకుని నెలల తరబడి అన్‌బ్యాలెన్స్ (ఒకవైపు బరువు) పెరుగుతుంటే రోజూ వినే చెవికి తేడా తెలియదు, ట్రెండ్ గ్రాఫ్ చెబుతుంది.

పైగా సెన్సర్‌ని పెయింటు మీదే అయస్కాంతంతో అంటిస్తే ఉన్న పై ఫ్రీక్వెన్సీ కూడా అందదు. లోహం తేలేదాకా గీకి, చదును చేసి, స్టడ్‌తో (మరల ఉన్న చిన్న కడ్డీతో) బిగించాలి. మన ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు చిలుం పట్టి ఉత్తుత్తి అలారాలు మోగుతాయి. నాలుగుసార్లు అలా మోగాక అయిదోదాన్ని ఎవరు నమ్ముతారు?

లాగ్‌బుక్ (షిఫ్టులో చేసిన పని రాసే పుస్తకం) సంగతి ఇంకా అన్యాయం. గ్లాండ్ అంటే పంపు ఇరుసు చుట్టూ నీరు కారకుండా ప్యాకింగ్‌ని నొక్కే బిగింపు; స్లీవ్ అంటే ఆ ఇరుసు మీది తొడుగు. "రెండో పంపు గ్లాండ్ నట్లు ఆరోవంతు తిప్పాం, చుక్కలు పడనివ్వండి, పూర్తిగా ఆపితే స్లీవ్ కాలుతుంది" అని పుస్తకంలో రాసేవారు. ట్యాబ్‌లో లీకేజీ, శబ్దం, వేడి, ఇతరములు అని నాలుగు మాటలు. డ్యూటీ దిగే హడావిడిలో చెయ్యి "ఇతరములు" మీదకే పోతుంది. తర్వాతి షిఫ్టువాడు చుక్కలు చూసి గ్లాండ్ బిర్రుగా బిగిస్తాడు. ట్యాబ్‌లు పంచిన ఫొటో మాత్రం కంపెనీ పత్రికలో వస్తుంది.

ఆ జాబితాను ఫోర్‌మన్లను కూర్చోబెట్టుకుని రాయాలి. తెలుగులో నోటితో చెప్పే గడి ఒకటి కలపాలి. యంత్రం పక్కన రొదలో పనిచెయ్యదు, షిఫ్టు రూములో చెప్పించాలి. విన్నదీ కొలిచిందీ ఒకే ఎంట్రీలో ఉండాలి. బేరింగ్ విప్పినరోజు రేసు ఫొటో దానికే జతచేస్తే ఎవరి మాట నిజమో తేలుతుంది. ఇప్పుడు చాలాచోట్ల విప్పిన బేరింగ్ తిన్నగా స్క్రాప్ యార్డుకే పోతోంది.

- మెయింటెనెన్స్ ఉద్యోగులు, గాజువాక, విశాఖపట్నం