హెయిర్‌ డై అంటే రంగొక్కటేనా?

సంపాదకులకు నమస్కారం.

పదిహేను రోజుల కిందట మీ జిల్లా పేజీలో సెలూన్ల మీద వార్త వచ్చింది కదా, అది చదివిన దగ్గర్నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. పెళ్లిళ్ల సీజను, కుర్చీ ఖాళీ కాలేదు. ఈరోజు మంగళవారం, షాపు కట్టేశాను, కూర్చున్నాను.

ఆ వార్తలో ఉన్నవి మూడే ముక్కలు. డై వేయించుకున్న ఒకాయనకి మొహం వాచింది. తప్పు సెలూన్‌ వాడిది. ఇకపై అందరూ అమ్మోనియా లేని డై వాడాలి. ఈ మూడింటిలో మొదటిది నిజం. ఆ షాపు ఎవరిదో ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి నేను చెప్పక్కర్లేదు. కానీ మర్నాటి నుంచి నా గిరాకీలంతా కుర్చీలో కూర్చోకముందే, ‘ఏటి నాయనా, నీ డైలో అమ్మోనియా లేదు కదేటి?’ అని మొదలెట్టారు. ముప్పై ఏళ్లుగా మూడు లాంతర్ల కూడలి దగ్గర కత్తెర పట్టుకుని బతుకుతున్నవాణ్ని. సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం ఇదే మొదలు.

అయ్యా, నల్ల డై ట్యూబులో నలుపు ఉండదు. నొక్కితే వచ్చేది తెల్లటి క్రీము. అందులో పీపీడీ (పారాఫెనిలీన్‌ డయామిన్‌), రిసార్సినాల్‌ లాంటి రసాయనాలు ఉంటాయి, ఏ రంగూ లేని చిన్న చిన్న అణువులు. హైడ్రోజన్‌ పెరాక్సైడ్‌ కలిపి తలకి పట్టిస్తే అవి వెంట్రుకలోకి దూరి, అక్కడ ఒకదానికొకటి అతుక్కుని, నల్లబడి, లావెక్కి బయటికి రాలేక ఉండిపోతాయి. 1907లో పారిస్‌లో షుల్లర్‌ అనే ఆయన తన డై తయారుచేసిన నాటికీ ఇప్పటికీ సూత్రం ఇదే. మరి ఒక ట్యూబు వేస్తే నెలన్నర నిలిచి, ఇంకొకటి మూడో తలస్నానానికే రాగిరంగుకి తిరగడమేమిటి? చాలాసార్లు తేడా రంగుది కాదు, ఆ రంగుని మోసే క్రీముది. కంపెనీవాళ్లు దాన్ని బేస్‌ అంటారు. మీ వార్తలో ఆ మాటే లేదు.

అమ్మోనియా సంగతే తీసుకోండి. బేస్‌లో క్షారం ఉంటేనే వెంట్రుక ఉబ్బి పైపొలుసులు విచ్చుకుంటాయి, పెరాక్సైడ్‌ పనిలోకి దిగుతుంది. అమ్మోనియా తీసేస్తే ఆ జాగాలో ఇంకో క్షారం పెట్టక తప్పదు. మామూలుగా పెట్టేది మోనోఇథనాలమైన్‌. అమ్మోనియా ముక్కు అదరగొట్టి గాల్లో కలిసిపోతుంది. ఇది వాసన కొట్టదు, ఎగిరిపోదు, కడిగేదాకా నెత్తి మీదే కూర్చుంటుంది. మోతాదు మించితే జుట్టుకీ మాడుకీ దీనివల్లా చేటే. అన్నిటికన్నా ముఖ్యం, డైతో అలా మొహాలు వాచేది ఎక్కువగా పీపీడీ పడక. అమ్మోనియా లేని నల్ల డైలోనూ ఆ పీపీడీయో దాని దగ్గర చుట్టమో ఉంటుంది. దొంగని వదిలి వాసనని పట్టుకున్నారు మీరు.

నా మాట నమ్మక్కర్లేదు, చేసి చూసింది చెప్తాను. ఆమధ్య ఒక పెద్దాయన మెడ దాకా పెంచిన తెల్లజుట్టు తీయించేసుకున్నారు. దాన్ని ఊడ్చెయ్యకుండా రెండు పాయలు చేసి రబ్బరు బ్యాండ్లు వేశాను. రెండు కంపెనీల ట్యూబులు, రెండు డబ్బాల మీదా ఒకటే షేడ్‌ నంబరు. పెరాక్సైడ్‌ కూడా ఒకే సీసాలోది, ఇరవై వాల్యూం, అంటే 6 శాతం. మొదటిది కప్పులో కలిపేసరికి గడ్డ పెరుగులా బిగిసి, బ్రష్షుతో పెట్టినచోటే నిలబడింది. రెండోది మజ్జిగ. సీటైల్‌ ఆల్కహాల్‌ లాంటి మైనపు సరుకు ఖరీదని తగ్గించి నీళ్లూ సెంటూ పోసుంటారని నా అనుమానం. ముప్పావుగంట ఆగి కడిగితే మొదటి పాయ మొదలంటా ఒకటే నలుపు. రెండోది పైన బూడిద, కొసల్లో నలుపు, మధ్యలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. అదే మనిషి తలైతే ఆ మజ్జిగ నుదుటికీ చెవుల వెనక్కీ కారేది. అప్పుడు పేపర్లో ఎవరి పేరు పడేది?

అలాగని జిడ్డుగా ఉన్నదల్లా మంచిదని కాదు. నూనెలూ కండిషనర్లూ మరీ దట్టిస్తే రంగు వెంట్రుకలోకి పోకుండా క్రీములోనే మకాం పెడుతుంది. ట్యూబు మూతి దగ్గర క్రీము గోధుమరంగుకి తిరిగితే లోపలికి గాలి పోయిందని గుర్తు. అలా తిరక్కుండా సోడియం సల్ఫైటో విటమిన్‌ సి యో కొంచెం వేస్తారు. అది చాలకపోతే డై ట్యూబులోనే నల్లబడుతుంది, ఎక్కువైతే తల మీద నల్లబడదు. పప్పులో ఉప్పులాంటి లెక్క. ఆ లెక్క తప్పింది ఫ్యాక్టరీలో, తిట్లు మాత్రం నాకు.

ఇక కిరాణా కొట్లో దండల్లా వేలాడే పొడి ప్యాకెట్లున్నాయి. వాటిలో పీపీడీతో పాటే, సీసాలోని పెరాక్సైడ్‌ పని చేసిపెట్టే బేరియం పెరాక్సైడో సోడియం పర్‌బోరేటో కలిపేసి ఉంటుంది, నీళ్లు తగిలేదాకా నిద్రపోతుంది. సగం వాడి మడతపెట్టి గూట్లో పెడితే మన వానాకాలం చెమ్మకి అక్కడే మేలుకుంటుంది. మిగిలినదాన్ని జనం బోరు నీళ్లతో కలుపుతారు. మా వెనకవీధి బోరు నీళ్లకి బకెట్టు అడుగున ఎర్రచార కడుతుంది, ఇనుము. ఇనుము తగిలితే పెరాక్సైడ్‌ కప్పులోనే విరిగిపోయి, నెత్తికెక్కేసరికి సత్తువ ఉండదు. ఆ ఇనుముని కట్టిపడెయ్యడానికి ఈడీటీఏ అని ఒకటి వేస్తారు, అదీ తయారీదారు దయ. నేనైతే ప్లాస్టిక్‌ కప్పులో తప్ప డై కలపను, పొడైతే క్యాన్‌ నీళ్లు కొని పోస్తాను. ‘నల్ల గోరింటాకు, పూర్తి సహజం’ అనే పెట్టెల గురించి వేరే చెప్పాలా? గోరింటాకు పండితే ఎర్రగా పండుతుందని చిన్నపిల్లని అడిగినా చెప్తుంది. అరగంటలో నల్లబడుతోందంటే లోపల ఏముందో ఊహించుకోవచ్చు.

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. పీపీడీ ఉన్న డై పెట్టెలో, చెవి వెనకో ముంజేతి లోపలివైపో కొంచెం రాసి 24 గంటలు ఆగి చూడమనే సూచన ఇంగ్లీషుతో పాటు స్థానిక భాషలోనూ ఉండాలి. కనుబొమ్మలకీ రెప్పలకీ వాడితే చూపు పోవచ్చని హెచ్చరించాలి. నా షాపులో ఉన్న ఏడు రకాల పెట్టెలూ విప్పి చూశాను. తెలుగు ఉన్నవి రెండు. అందులో ఒకటి భూతద్దం పెట్టినా కూడబలుక్కోవాల్సిందే. వాడుకభాష కోసం గురజాడవారు పోరాడిన ఊళ్లో, ఒంటికి రాసుకునే మందు మీద చదవడానికి తెలుగు లేదు! మీ వార్త వచ్చాక తనిఖీకని వచ్చిన అధికార్లు లైసెన్సు ఫ్రేము చూశారు, తువ్వాళ్లు లెక్కపెట్టారు, ధరల బోర్డు లేదన్నారు, ఫొటో తీయించుకున్నారు. డబ్బా వెనక్కి తిప్పి చదివినవాడు ఒక్కడు లేడు. డబ్బా తయారుచేసినవాడు వాళ్లకి అందడు, నేను అందుతాను.

ఆ చెవి వెనక పరీక్ష నేను ప్రతి ఒక్కరికీ చేశానని కోతలు కొయ్యను. ముహూర్తానికి గంట ముందు పరిగెత్తుకొచ్చిన పెళ్లికొడుకు తండ్రిని రేపు రండి బాబూ అంటే పక్క షాపుకి పోతాడు. అయినా ఈ పదిహేను రోజులుగా చేస్తున్నాను, నలుగురు గిరాకీలు పోయారు. ఇంతకీ మీ వార్త వచ్చిన రోజు పేపరు దాచాను. రెండు పేజీలు తిప్పితే సగం పేజీ ప్రకటన, ‘అమ్మోనియా లేదు, భయం లేదు’ అని. ఆ డబ్బు మీకు ముట్టింది కదా, ఆ డబ్బాలో పీపీడీ ఉందో లేదో ఒక్క ముక్క అడిగారా?

మీ విలేకరి గారికి పాపిడి దగ్గర తెల్లబడుతోంది, మొన్న ఫొటో తీస్తున్నప్పుడు చూశాను. రంగు వేయించుకోవాలనుకుంటే ముందురోజు ఒకసారి రమ్మనండి, చెవి వెనక చుక్క పెట్టి పంపుతాను. మీరు ప్రకటన వేసిన డబ్బాలోదే పెడతాను.

ఇట్లు,
ఒక సెలూన్‌ యజమాని,
మూడు లాంతర్లు, విజయనగరం