ఆ పెంకులు అప్పుడే ఊడ్చేయకు

విశాఖపట్నం,
2025 నవంబరు 2, ఆదివారం.

ఒరేయ్ సత్తిబాబూ,

నిన్న సాయంత్రం చెల్లెమ్మ ఫోన్ చేసింది. నువ్వు చేలోకి వెళ్ళిన టైం చూసుకుని చేసిందిట. అందరూ బాగానే ఉన్నారంది, అమ్మగారికి జ్వరం తగ్గిందంది, ఆ తర్వాత కాసేపు మాట్లాడలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపెట్టింది. మొంథా తుపానుకి వసారా మొత్తం కూలిపోయిందట. వెనక గది మీద పెంకులు సగం లేచిపోయాయట. పాక మీద కొబ్బరిచెట్టు పడి రెండు మేకలు పోయాయట. బుధవారం నేను ఫోన్ చేస్తే నువ్వు నాతో అన్నదేమిటి? "కాస్త గాలేసిందిరా, అంతే." నాతో కూడా అలా అంటావా?

అసలు బాధ అది కాదు. నష్టం రాసుకోవడానికి గ్రామ సచివాలయం నుంచి వచ్చిన కుర్రాణ్ణి నువ్వు గుమ్మంలోంచే పంపించేశావట. "మాకేం పర్లేదు బాబూ, మాకన్నా లేనివాళ్ళున్నారు, వాళ్ళకి రాసుకో" అన్నావట. నువ్వు అలాగే అంటావని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నా కదా. ఏవీఎన్ కాలేజీలో ఉన్నప్పుడు మెస్ బిల్లు కట్టలేక రెండ్రోజులు అటుకులు తిన్నావు గానీ నన్ను యాభై రూపాయలు అడగలేదు. అందుకే ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నా. ఫోన్లో అయితే మాట దాటేస్తావు. ఇదైతే చెల్లెమ్మ ముందు పెట్టుకుని చదువుతుంది. రేపు పొద్దున్నే స్పీడ్ పోస్టు చేస్తా. ఈలోపు ఫోటో తీసి ఆవిడ వాట్సాప్‌కి కూడా పంపుతా, ఎందుకంటే ఇందులో కొన్ని పనులు ఇవాళే చెయ్యాలి.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతా విను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ రోజు. ఆదివారం. అప్పుడు మేం కంచరపాలెంలో రేకుల ఇంట్లో ఉన్నాం. పొద్దుటినుంచీ ఒకటే గాలి. గంటకి 180 కిలోమీటర్ల వేగమని తర్వాత తెలిసింది గానీ, ఆ వేళకి మాకు చెవుల్లో ఈల తప్ప ఏం వినపడలేదు. మధ్యాహ్నం ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. ఆకు కదల్లేదు. అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చేశారు. మా నాన్న కూడా మెట్టు దిగాడు. తుపాను కన్ను మా నెత్తిమీద ఉందని మాకేం తెలుసు? కాసేపటికి ఈసారి రెండో వైపు నుంచి కొట్టింది. అంతవరకూ నిలబడ్డ రేకులు అప్పుడు పోయాయి. ఒకటి కాదు, పధ్నాలుగు రేకులు. మా అమ్మ మంచం కింద దూరి దేవుడి పటాన్ని గుండెకి హత్తుకుని కూర్చుంది.

ఆ తర్వాత రోజులు నీకూ తెలుసు, కళ్ళారా చూశావు కాబట్టి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టుకి క్యూ, నీళ్ళ క్యానుకి క్యూ, పెట్రోలు బంకు దగ్గర కిలోమీటరు క్యూ. కైలాసగిరి వైపు చూస్తే పచ్చదనమన్నదే లేదు, కొండ తగలబడినట్టుంది. నాలుగో రోజున నువ్వు మీ ఊరినుంచి బస్తా బియ్యం, అరటి గెల, కొవ్వొత్తుల కట్టలు, కిరోసిన్ డబ్బా మోసుకుని మా గుమ్మంలోకి వచ్చావు. ఎలా వచ్చావో, ఎన్ని బళ్ళు మారావో ఇప్పటికీ చెప్పలేదు. మా నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నువ్వు వెళ్ళాక జరిగిందే నేను నీకు చెప్పలేదు. మా నాన్నదీ నీ స్వభావమే. "ఎవరో వచ్చి ఏదో ఇస్తారని ఆకాశం చూస్తూ కూర్చుంటామా" అని, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు చేసి, రెట్టింపు ధర పెట్టి రేకులు కొని, వారంలోపు ఇంటికి కప్పించేశాడు. తడిసిన పరుపులు, బీరువా చెక్కలు, విరిగిన రేకులు అన్నీ కార్పొరేషన్ లారీలో ఎత్తించేశాడు. వాకిలి కడిగించి ముగ్గు కూడా వేయించాడు. అప్పుడొచ్చారు నష్టం రాసుకునేవాళ్ళు. మా ఇంటి ముందు నిలబడి పైకి చూశారు. కొత్త రేకులు మెరుస్తున్నాయి. "ఇక్కడేం నష్టం లేదు" అని రాసుకుని ముందుకెళ్ళిపోయారు. నాన్న నోరు తెరవలేదు. రెండిళ్ళ అవతల ఉండే ముసలమ్మ ఎక్కడివక్కడ వదిలేసి టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది, ఆమెకి వచ్చింది. రావాల్సిందే, సంతోషం. కానీ మా అమ్మ గాజులు తాకట్టులో రెండేళ్ళు ఉన్నాయిరా. నా జీతంలోంచి నేను విడిపించాను.

ఆ వచ్చినవాళ్ళని నేను తప్పు పట్టను. వాళ్ళు కళ్ళకి కనపడిందే రాస్తారు. నీ ఇంటి కష్టం నీ ఇంట్లోనే ఉండిపోతే వాళ్ళ కాగితం మీదికి ఎలా ఎక్కుతుంది?

అందుకని మొదటి మాట: ఫోటోలు తీసేదాకా ఆ పెంకులు ఊడ్చేయకు. కూలిన వసారా, లేచిన కప్పు, పాక మీద పడ్డ చెట్టు, అన్నిటికీ తీయించు. ఒకటి దగ్గరగా, ఒకటి ఇల్లంతా కనపడేలా. వీలైతే నువ్వో చెల్లెమ్మో ఆ ఫోటోలో నిలబడండి, ఇంటి నంబరు కూడా పడాలి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే తారీఖు, చోటు దానంతటదే వస్తుంది. వాన కారుతోంటే టార్పాలిన్ కప్పుకోండి, అందులో తప్పు లేదు, కప్పేముందు ఒక ఫోటో తీయండి, అంతే. మేకల్ని పూడ్చేశారని చెల్లెమ్మ చెప్పింది. పశువుల డాక్టరు గారి దగ్గరికి ఇవాళే వెళ్ళి చెప్పు. మీ అబ్బాయి ఫోన్లో ఆ పొద్దున తీసిన ఫోటో ఉందట, అది చూపించు.

ఇప్పుడు నీ అభ్యంతరానికి వస్తా. "మాకన్నా లేనివాళ్ళకి" అన్నావు. నువ్వు వద్దన్నంత మాత్రాన నీ వాటా వాళ్ళకి వెళ్ళదురా. అది ఒక కుండలోంచి పంచే గంజి కాదు. ఎవరి ఇంటికి ఎంత దెబ్బ తగిలిందో దానికంత అని లెక్క కట్టి ఉంటుంది. రాష్ట్ర విపత్తు నిధిలో 75 శాతం కేంద్రం వేస్తుంది, 25 శాతం మన రాష్ట్రం వేస్తుంది. ఆ డబ్బు ఎక్కడిది? నువ్వు కొనే సబ్బుబిళ్ళ మీద, మందు బిళ్ళ మీద కట్టే పన్నులోదే. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. తలదాచుకునే చోటు, తిండి, నీళ్ళు, వైద్యం, ప్రాణం పోయినా ఇల్లు దెబ్బతిన్నా ఇచ్చే సాయం, వీటన్నిటికీ కనీస ప్రమాణాలు ఉండాలని దాని 12వ సెక్షన్‌లోనే రాసి ఉంది. అబద్ధం చెప్పి తీసుకుంటే రెండేళ్ళ దాకా జైలని 52వ సెక్షన్ చెబుతోంది. అంటే నిజంగా నష్టపోయినవాడు అడగాలనే చట్టం ఉద్దేశం. నీది అబద్ధమా?

అంకెలు కూడా చెబుతా, నోట్ చేసుకో. 2022 నుంచి 2026 దాకా అని కేంద్రం పెట్టిన లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసె పోతే 8,000. ఇంటిని ఆనుకున్న పశువుల పాకకి 3,000. మేక ఒక్కోదానికి 4,000. పాలిచ్చే గేదె అయితే 37,500. ఇల్లు పూర్తిగా పోయినా, రెండు రోజులకి మించి నీళ్ళలో మునిగినా, బట్టలకి 2,500, వంట సామానుకి 2,500 విడిగా ఇస్తారు. ఇవి పెద్ద మొత్తాలని నేననను. 6,500తో వసారా లేవదు. కానీ వడ్డీకి తెచ్చే అప్పులో అంత తగ్గుతుంది. ఆ తేడా ఏమిటో మా అమ్మని అడుగు, చెబుతుంది. "పక్కా" అని రాస్తున్నారా, "కచ్చా" అని రాస్తున్నారా, "పాక్షికం" అంటున్నారా, "తీవ్రం" అంటున్నారా, పక్కనే నిలబడి చూసుకో. ఆ ఒక్క మాటతో అంకె మారిపోతుంది.

చేను సంగతి ఇంకా ముఖ్యం. ఎకరంన్నర కౌలు వరి పడిపోయి నీళ్ళలో ఉందంది చెల్లెమ్మ. పంట 33 శాతం, అంతకుమించి పోతేనే లెక్కలోకి వస్తుంది. నీటి వసతి ఉన్న పంటకి కేంద్రం లెక్క హెక్టారుకి 17,000, అంటే ఎకరానికి ఏడు వేలకి కాస్త తక్కువ. రాష్ట్రం పెంచి ఇస్తే అది అదనం. కొబ్బరి లాంటి తోటలకి హెక్టారుకి 22,500. అయితే ఏ చేలో ఎవరు ఏం పండిస్తున్నారో రాసే ఈ-పంట జాబితాలో పేరు ఎవరిది ఉందో వాళ్ళకే డబ్బు. నీ పేరు ఎక్కిందా, భూమి ఆసామి పేరు ఉందా? రైతు సేవా కేంద్రానికి వెళ్ళి ముందు అది చూడు. కౌలు కార్డు లేకపోతే ఆసామితో మాట్లాడి సంతకం అడుగు. మొహమాటపడకు. పెట్టుబడి నీది, చెమట నీది. నీళ్ళు తీసేసి చేను కోసేయాలని నీకు తొందరగా ఉంటుంది, అది సహజం. వ్యవసాయ సహాయకుడు చూసి రాసుకునేదాకా ఒక మడైనా అలాగే ఉంచు.

బియ్యం వద్దనకు. మొంథా బాధితులకి ఒక్కో కుటుంబానికి 25 కిలోలు, మత్స్యకారులకీ చేనేత వాళ్ళకీ 50 కిలోలు ఇస్తున్నారు. మీరు ఆ రాత్రి స్కూల్లో పునరావాస కేంద్రంలో పడుకున్నారు కదా, అక్కడి రిజిస్టర్లో మీ అందరి పేర్లూ పడ్డాయో లేదో చూడు. ఆ కేంద్రాల్లో ఉన్నవాళ్ళకి మనిషికి 1,000, కుటుంబానికి 3,000 దాకా ప్రకటించారు.

ఇంకో సంగతి. రాసుకున్నాక జాబితాని సచివాలయంలో గోడకి అంటిస్తారు, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. చాలామంది అక్కడే దెబ్బతింటారు. ఎవరూ వెళ్ళి చూడరు. హుద్‌హుద్ తర్వాత నేను మా వీధిలో పదకొండు ఇళ్ళకి అర్జీలు రాసిపెట్టాను. మా ఇంటికి రాకపోయినా ఊరుకోబుద్ధి కాలేదు. అందులో ఒకావిడకి రేషన్ కార్డు ఇంకా చనిపోయిన భర్త పేరు మీదే ఉంది, ఆ ఒక్క కారణంగా పేరు ఎగిరిపోయింది. ఇంకొకతను జాలరి, పడవ ముక్కలైపోయింది, రిజిస్ట్రేషన్ నంబరున్న చెక్క మాత్రం దాచుకున్నాడు, అదే అతణ్ణి కాపాడింది. నీ పేరు లేకపోతే అక్కడే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో. అప్పటికీ కదలకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేటులో అర్జీలు తీసుకుంటారు. 1100కి ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదవుతుంది, నంబరు ఇస్తారు, రాసి ఉంచుకో.

బ్యాంకు పుస్తకం కూడా చూసుకోండి. డబ్బు ఇప్పుడు నేరుగా ఖాతాలో పడుతుంది. నిరుడు బుడమేరు వరదకి విజయవాడలో మునిగిన ఇళ్ళకి, కింది అంతస్తుకి 25,000, పై అంతస్తులకి 10,000 ఇచ్చారు. అప్పుడు కూడా ఖాతాకి ఆధార్ అనుసంధానం లేక కొందరికి డబ్బు ఆగిపోయింది. చెల్లెమ్మ ఖాతాకి లింకు ఉందో లేదో బ్యాంకులో అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు.

మా మేనకోడలు ఫ్లోరిడాలో ఉంటుంది కదా. అక్కడ తుపానుని హరికేన్ అంటారు. నిరుడు అక్టోబరు 9న మిల్టన్ వచ్చినప్పుడు వాళ్ళింట్లోకీ నీళ్ళొచ్చాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ సాఫ్ట్‌వేరే. అయినా వారం తిరక్కుండానే ఫోన్లో ఫెమా అనే వాళ్ళ ప్రభుత్వ సంస్థకి దరఖాస్తు పెట్టారు. అత్యవసర ఖర్చులకని ముందు 770 డాలర్లు ఇచ్చారట, తర్వాత మనిషొచ్చి ఇల్లు చూసి వెళ్ళాడట. అక్కడ కూడా గడువు ఉంటుంది, కాదంటే 60 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. "సిగ్గనిపించలేదా అమ్మా" అనడిగాను నేను. "ఎందుకు మావయ్యా, మునిగింది మా ఇల్లే కదా" అంది. ఆ మాట నాకు చాలా నచ్చింది, అందుకే నీకు రాస్తున్నా.

నువ్వు తెచ్చిన బియ్యం మా నాన్న తీసుకున్నాడు సత్తీ. ఎవరిచ్చినా తీసుకోని మనిషి. నీ చేతిలోంచి తీసుకుని లోపల పెట్టాడు. ఆ బియ్యంతో మేం పదిహేను రోజులు తిన్నాం. ఇప్పుడు నీ వంతు వస్తే నువ్వు గుమ్మంలో నిలబడి వద్దంటే నేను ఊరుకోలేను.

ఆ కుర్రాడు మళ్ళీ వస్తే సరే, రాకపోతే రేపు నువ్వే సచివాలయానికి వెళ్ళు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, ఇంటి పన్ను రసీదు, అన్నిటికీ రెండేసి జిరాక్సులు తీసుకెళ్ళు. తడిసిపోయుంటే ఎండలో ఆరబెట్టండి, ఇస్త్రీ చేయకండి, అక్షరాలు పోతాయి. నేను గురువారం రాత్రి బస్సుకి వస్తున్నా. శని, ఆది ఉంటా. మనిద్దరం కలిసి పెంకులెక్కిద్దాం. అమ్మగారికి బీపీ మాత్రలు ఇక్కణ్ణించి తెస్తున్నా. మా అమ్మ ఇప్పటికే రెండు దుప్పట్లు, ఒక చీర మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. అవి వద్దని ఆవిడతో నువ్వే చెప్పుకో.

నీ
రమణ